గ్రంథాలయములును, శాస్త్రవిద్యకు తెఱవవలసిన తలుపులును
(బోరబండ వార్షిక మహాసభలో చదువబడిన ఉపన్యాసము)



విద్యావిషయమున నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. విద్యార్థివేతనములను గూర్చియు, పతకములను గూర్చియు ఏటేట ప్రసంగించువారు కలరు, అవి యవసరములే. కాని యీయేడు మన వసతిగృహమునకు పైయంతస్తు లేచుచున్నది. అందలి పెద్దగదిని పఠనమందిరముగా నుంచవలెనని యొక పక్షమును, పెండ్లిండ్లకు అద్దెకిచ్చుట లాభకరమని యొక పక్షమును ఉన్నట్లు విన్నాము. మేము మొదటి పక్షమువారము. అంతేకాదు, ఆ పఠనమందిరము మన సంఘమువారికే గాక వీధిని పోవు ప్రతివానికిని తెఱచియుండవలెనని మా మతము. రెండవమాట కొందఱకు రుచింపదని యెఱిగియే చెప్పుచున్నాము.

మేము సంస్కృతము చదువుకొన్నవారము గనుక ఒక పదముతో ఆరంభించుట మాకు వాడుక. గ్రంథమను పేరు కట్టుట, కూర్చుట యను నర్థముగల ధాతువునుండి పుట్టినది. గ్రంథి యనగా ముడి. తాటాకులకు బెజ్జమువేసి, త్రాడు గ్రుచ్చి, రెండు చెక్కల నడుమ బిగించి ముడివేయుటలో మన పెద్దలు మిక్కిలి నేర్పరులు. విప్పుటయందు వారికంత యాసక్తి లేకుండెను. పుస్తకమొకసారి చేయి దాటినచో మరల రాదను భయము వారిది. నవరాత్రులలో పసుపుకుంకుమలిడి, మరునాడు తిరిగి అటుకమీదికెక్కించిన కట్టలు చెదలపాలైన యిండ్లు మనలో నెన్ని లేవు?

ఆ ముడి విప్పినవారు ఈ నగరమునందే యుండిరి. 1891లో స్థాపింపబడిన ఆసఫియా గ్రంథాలయము నేడు అఫ్జల్‌గంజిలో రాష్ట్ర కేంద్రగ్రంథాలయమై యున్నది. 1901 సెప్టెంబరు 1వ తేదీన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. రావిచెట్టు రంగారావుగారు దానికి తమ యింటనే చోటిచ్చిరి. ఆ కూటమినుండియే 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారు విజ్ఞానచంద్రికామండలిని స్థాపించిరి. చరిత్రములతోపాటు జీవశాస్త్రము, రసాయనశాస్త్రము వంటివి తెలుగున వ్రాయించి చౌకవెలకు ముద్రించిన మండలి యది. ఇంగ్లీషు రానివానికిని శాస్త్రము కావలెనని తలచుట ఆనాటికి సామాన్యమైన తలపు కాదు. 1918లో వెలసిన రెడ్డి వసతిగృహము సంగతియు మఱువరాదు. అది యొక కులమువారి ధనముతో కట్టినదే. కాని సురవరము ప్రతాపరెడ్డిగారు కార్యదర్శిగా నుండి అచ్చట పెంపొందించిన గ్రంథాలయమువలన కలిగిన మేలు ఆ కులముతో నాగలేదు.

ఇక నేటి ముడిని గూర్చి చెప్పెదము. ఇది తాటాకు త్రాడు కాదు; కంటికి కనబడనిది.

మా పూర్వవిద్యార్థియొకని కుమార్తె ఈ ప్రాంతమునందలి యొక ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలో ఎం.టెక్. చదువుచుండెను. నల్లగొండజిల్లా భూగర్భజలములయందలి ఫ్లోరైడు ఆమె పరిశోధనవిషయము. ఆమె తండ్రి ఆ నీరు త్రాగి పెరిగినవాడు. నలువదియేండ్లకే వెన్ను వంగినది. తనకు ముందు చేసిన పరిశోధనలను చూడవలెనని ఆమె పదునొకండు వ్యాసముల పట్టిక వ్రాసికొన్నది. కంప్యూటరు తెఱచి చూడగా ప్రతి వ్యాసమునకును పేరు కనబడును, సంగ్రహము కనబడును, అటుపైన తలుపు. ఒక్కొక్కదానికి ముప్పది నలుబది డాలర్లు, అనగా రెండుమూడువేల రూపాయలకు పైమాట, చెల్లించినగాని తెఱచుకొనదు. ఆమె కళాశాలకు ఆ పత్రికల చందా లేదు.

ఇందలి విపరీతము గమనింపుడు. నాగపురమునందలి నీరీ సంస్థవారు 1970ల దశకమున పటిక, సున్నములతో ఫ్లోరైడును తొలగించు ఉపాయమును కనుగొనిరి. దానికి 'నల్లగొండ పద్ధతి' యని పేరు. ఆఫ్రికాలోని టాంజానియావరకు ఆ పేరు పోయినది. ఆ జిల్లా పల్లెల నూతులనుండి నీరు తోడుకొనిపోయి, అచ్చటి బిడ్డల పండ్లను ఎముకలను పరీక్షించి వ్రాసిన వ్యాసములు ఎన్నియో కలవు. వానిలో పెక్కింటికి వ్యయము ప్రజాధనమే. నీరిచ్చినవాని కూతురికి మాత్రము ఆ వ్యాసము చదువ నధికారము లేదు! రచయితకు పత్రికవారు చిల్లిగవ్వ యీయరు. పరీక్షించు పండితులును సాధారణముగా ఉచితముగనే పరీక్షింతురు. వెల యెవరికి పోవుచున్నదో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఈ తలుపులు తెఱవవలెనను ప్రయత్నమునే ఓపెన్ సైన్స్ అందురు. మేము దానిని వివృతవిజ్ఞాన మందుము. 2002లో బుడాపెస్టు పేరిట కొందఱు పండితులు దీనిని గూర్చి ప్రకటన చేసిరి; 2021 నవంబరులో యునెస్కో సభ్యరాజ్యములు ఒక సిఫారసును ఆమోదించినవి. వ్యాసమే గాక, దానికాధారమైన కొలతలు, లెక్కలు, పద్ధతులు సయితము అందఱకు నందవలెనని వారి యాశయము. మన కేంద్రప్రభుత్వమును ఊరకుండలేదు. 'ఒకే దేశము, ఒకే చందా' యను పథకమునకు 2024 నవంబరులో మంత్రివర్గ మంగీకరించినది. మూడేండ్లకు 6,000 కోట్ల రూపాయలు. 30 మంది ప్రచురణకర్తలయొద్దనుండి దాదాపు 13,000 పత్రికలు. 2025 జనవరి 1న ఆరంభమైన ఈ పథకము విశ్వవిద్యాలయముల విద్యార్థులకు మహోపకారమే. అయితే ఆ మొదటి దశ ప్రభుత్వసంస్థలకు మాత్రమే యేర్పడినది. మన పిల్లలలో నధికసంఖ్యాకులు చేరినవి ప్రైవేటు కళాశాలలు. పైగా చందా యనునది అద్దెయిల్లు వంటిది. గడువు తీరిన తాళము మరల పడును.

అందువలన గ్రంథాలయాధికారి యవసరము తగ్గలేదు, హెచ్చినది. మా పూర్వవిద్యార్థి కుమార్తెకు దారి చూపినవాడు ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారియే. అనేక పత్రికలు, ముద్రితమైన పుట కాకున్నను, రచయిత తాను సరిచూచి పంపిన తుదిప్రతిని తన సంస్థ గ్రంథాలయమున నుంచుకొనుటకు అనుమతించును. కొన్ని నెలలు గడువవలెనను నియమము మాత్రముండును. ఈ సంగతి రచయితలలోనే పెక్కుమందికి తెలియదు. దానిని వారికి తెలిపి, ప్రతిని అడిగి తెచ్చి, పేరు విషయము వ్రాసి, వెదకినవానికి దొరకునట్లు భద్రపఱచుట గ్రంథాలయము పని. ఆ పదునొకండింటిలో ఆఱు ఇట్టి భాండారములయందే దొరకినవి. మఱి మూడు, రచయితలకు జాబు వ్రాయగా వారే పంపిరి. తక్కిన రెండును నేటికిని దొరకలేదు.

ఈ పని చేయు సంస్థలు మనకు దూరమున లేవు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ 1972లో నెలకొన్నది. జొన్న, సజ్జ, కంది, సెనగ, వేరుసెనగలను గూర్చిన తన శాస్త్రజ్ఞుల వ్యాసములను భాండారమున నుంచవలెనని 2009లోనే నియమము చేసినది. మెట్టపొలమువాని బిడ్డ ఇంటనుండియే వానిని చదువవచ్చును. అదే 2009లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము పిహెచ్.డి. సిద్ధాంతవ్యాసముల ప్రతులను అంతర్జాలమునకు అనుకూలముగా సమర్పింపవలెనని విధించినది. అవి గాంధీనగరమునందలి వారు నడుపు 'శోధగంగ' యందు చేరుచున్నవి. పూర్వము సిద్ధాంతవ్యాసమనగా పట్టము వచ్చిన మరునాడే బీరువాలో సమాధియయ్యెడిది.

చిత్తూరుసీమలోని కాటూరున 1937లో జనించి, 1994లో ట్యూరింగు బహుమానము నందిన రాజ్‌రెడ్డిగారి పేరు ఇచ్చట తలపకతప్పదు. అమెరికాలోని కార్నెగీమెలన్ విశ్వవిద్యాలయమునుండి వారు తలపెట్టిన పదిలక్షల పుస్తకముల ప్రయత్నమున మన గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ పాల్గొన్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయపు తెలుగు పుస్తకములు వేలకొలది ఛాయాప్రతులైనవి. వాని మొదటి పుటలయందు 'తడిసిన పుస్తకము', 'లోపల పుటలు లోపించినవి' యని ఇంగ్లీషున అచ్చొత్తిన హెచ్చరికలు నేటికిని చూడవచ్చును. గడువులోపల తిరిగియీయవలెనను పాతచీటియు కనబడును. ఎన్నటికిని తిరిగియీయనక్కఱలేని పుస్తకమున ఆ చీటిని చూచి మేము నవ్వుకొనుట కలదు. కొన్నేండ్లకు ఆ గ్రంథనిధి తావు మూతవడినది. అప్పటికే ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవు వంటి యితరస్థలములకు చేరియుండుటచే మనకు దక్కినవి. ఒక్కచోట నుంచినది ఉంచినట్లు కాదు.

అన్నియు మేలని మేమనము. తెఱచిన తలుపున దొంగలును వత్తురు. రచయితయొద్ద సొమ్ము పుచ్చుకొని, పరీక్షింపకయే ప్రకటించు పత్రికలు పుట్టగొడుగులవలె లేచినవి. ఈ నగరమునుండి నడచిన ప్రచురణసంస్థ యొకదానిపై 2019లో అమెరికా న్యాయస్థానము 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లింపుమని తీర్పు చెప్పవలసివచ్చినది. ఉద్యోగోన్నతికై యట్టివానిలో వ్యాసములు వేయించుకొను యువకులు మనలో లేకపోలేదు. ఏది గింజయో ఏది పొల్లో చెప్పగల గ్రంథాలయాధికారి యుండుట యిందుకును అవసరము. గ్రంథస్వామ్యము సంగతియు కలదు: మనదేశమున కర్త మరణించిన పిమ్మట 60 ఏండ్లవరకు అది చెల్లును, దానిని మీఱి ఛాయాప్రతులు తీయుట ధర్మము కాదు.

మంచిపక్షమున ఒక్క యుదాహరణము. భీమవరమున జనించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డునందు ఫిస్కెతో కూడి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ఒక జీవరసాయన పత్రికయందు ప్రకటించిరి. ఆ పత్రిక 2021లో పూర్తిగా వివృతమైనది. ఒక తెలుగువాడు నూఱేండ్ల క్రింద వ్రాసిన వ్యాసమును, బోరబండ స్టేషనులో బండికై నిలుచున్న బాలుడు, హైటెక్ సిటీ వచ్చులోపల తన ఫోనునందు తెఱచి చూడగలడు. కాని యట్టిదొకటి కలదని అతనికి చెప్పువారెవరు? మనమందఱము ఇంటిపన్నుతోపాటు నూటికి 8 వంతున గ్రంథాలయపన్ను చెల్లించుచున్నాము. చెల్లించినవారిలో గ్రంథాలయపు గడప త్రొక్కినవారెందఱో ఈ సభలో చేతులెత్తుమని మేమడుగము, మర్యాద కాదు.

కావున మా కోరిక యిది. పైయంతస్తు గదియందు పది కంప్యూటర్లు, మంచి దీపములు, గ్రంథాలయశాస్త్రము చదివిన యొక యుద్యోగి. వానికి జీతము ముఖ్యము; బల్లలు దాతలు తప్పక యిత్తురు, వానిపై పేర్లు చెక్కవచ్చును; జీతముపై పేరు చెక్కుటకు చోటులేదు గనుక అది మనము నిధినుండి కేటాయింపవలెను. మన సంఘపు పాత సంచికలు, వార్షికనివేదికలు, వసతిగృహపు లెక్కపుస్తకములు ట్రంకుపెట్టెలలో నున్నవి; ఏ పల్లెనుండి యే పిల్లవాడు ఎప్పుడు చదువునకు వచ్చెనో, ఎంత ఫీజు కట్టెనో వానియందున్నది. చరిత్రపరిశోధకులకు అట్టివి బంగారము. గ్రంథస్వామ్యపు గడువు తీరినవానిని ఛాయాప్రతులు తీయించి, ఒకటి రాష్ట్ర కేంద్రగ్రంథాలయమునకు, ఒకటి తెలుగు వికీమూలమునకు ఈయవలెను. అందు మన పెద్దల తగవులును బయటపడునని కొందఱు సంకోచింతురు. పడనిండు.

పెండ్లిండ్ల అద్దె రాబడి పోవుననువారికి లెక్క వేసియే వచ్చితిమి. కోశాధికారిగారి యంచనా ప్రకారము మాఘ, ఫాల్గుణ, వైశాఖ, జ్యేష్ఠములలోనే గది నిండును. తక్కిన మాసములు తాళమే. ఆ నాలుగు మాసములలో క్రిందియంతస్తు వసారాను శుభకార్యములకు వాడుకొనిన రాబడిలో సగము నిలుచును. తీర్మానపు ముసాయిదా కార్యదర్శిగారియొద్ద నుంచినాము. సవరణలు చేయదలచినవారు సాయంకాలపు సభకు ముందుగా వారికి వ్రాసి యీయగోరెదము.