నష్టం ఎకరాల్లో, సాయం గీతల్లో

(రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2021 నవంబరు మనమెవరం మరిచిపోలేదు. కల్యాణి డ్యాం గేట్లెత్తారు, స్వర్ణముఖి పొంగింది, రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. 2022 డిసెంబరులో మాండౌస్, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాన్లు వచ్చాయి. తూర్పున వాన ముంచితే, పడమటి మండలాల్లో వేరుశనగ ఎండిపోతుంది. రెండింటికీ ప్రభుత్వం ఇచ్చేది ఒకటే, పెట్టుబడి రాయితీ. అది పంట నష్ట పరిహారం కాదు. మళ్లీ విత్తుకోవడానికి చేతికిచ్చే చిన్న సాయం. ఈ తేడా మనకు తెలియాలి.

లెక్క చూద్దాం. రాష్ట్ర విపత్తు నిధిలో కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25 శాతం. 2022-23 నుంచి 2025-26 వరకు కేంద్రం పెట్టిన నిబంధనల ప్రకారం హెక్టారుకు వర్షాధార పంటకు 8,500 రూపాయలు, నీటి పారుదల పంటకు 17,000, మామిడి లాంటి బహువార్షిక తోటలకు 22,500. అంటే ఎకరా వరికి సుమారు 6,900. దున్నకం, నారు, నాట్ల కూలి, ఎరువు, కోత మిషను... ఎకరాకు మీకెంత అయిందో మీరే లెక్కేసుకోండి. పైగా రెండు హెక్టార్లకే పరిమితి. పంట 33 శాతమైనా పోవాలి. 2015కు ముందు ఇది 50 శాతం ఉండేది. 2024లో బుడమేరు వరద తర్వాత రాష్ట్ర ప్రభుత్వం వరికి ఎకరాకు 10,000 ప్రకటించింది. అంటే తలుచుకుంటే పెంచగలరు. పెంచిన రేటు ప్రతి ఏడాదీ, ప్రతి జిల్లాకూ ఎందుకు వద్దు?

ఇంకో మాట. పొలంలో ఇసుక మేట వేస్తే, అది మూడంగుళాలకు మించి ఉంటే, తీయడానికి హెక్టారుకు 18,000 ఉంది. చిన్న, సన్నకారు రైతులకు నది కోసేసిన భూమికి 47,000. పాడి ఆవు చనిపోతే 37,500, గొర్రెకు 4,000. చాలామందికి ఈ సంగతే తెలియదు, అడగరు. అడగకపోతే రాసేవాళ్లెవరు?

గూడూరు, వాకాడు వైపు సరుగుడు వేసినోళ్లది మరో బాధ. తుపానుకు చెట్లు పడిపోతే ఆ నిబంధనల్లో కలప తోటకంటూ విడిగా గీతే లేదు. నాలుగేళ్లు పెంచిన చెట్టు ఒక్క రాత్రిలో పడిపోతుంది. దాన్ని వ్యాపారి విరిగిన కట్టె ధరకే అడుగుతాడు. దీనికి ప్రత్యేక రేటు కావాలని మనం అడగాలి.

అన్నిటికన్నా పెద్ద అన్యాయం కౌలు రైతుకు జరుగుతోంది. 2019 చట్టం ప్రకారం కౌలు కార్డు కావాలంటే భూ యజమాని సంతకం పెట్టాలి. 11 నెలల కార్డే అయినా భూమి ఎక్కడ పోతుందోనని చాలామంది పెట్టరు. కార్డు లేకుంటే ఈ-క్రాప్‌లో యజమాని పేరు ఎక్కుతుంది. నష్టం ఒకరిది, డబ్బు ఒకరి ఖాతాలోకి. నీళ్లలో నిలబడి పైరు కట్టలు ఎత్తినోడికి ఏమీ రాదు.

కాబట్టి మనం చేయాల్సిన పనులు. విత్తగానే ఈ-క్రాప్ నమోదు చేయించుకోండి, రసీదు దాచుకోండి. నష్టం జరిగిన రోజే పొలం ఫోటోలు తీయండి. సర్వే వచ్చినప్పుడు పొలం గట్టున మీరుండండి. రైతు సేవా కేంద్రంలో జాబితా అతికించినప్పుడు పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, ఖాతా నంబరు చూసుకోండి. తప్పుంటే నోటిమాటగా కాదు, కాగితం మీద రాసిచ్చి నకలుపై సంతకం తీసుకోండి.

మన డిమాండ్లు నాలుగే. సాగు ఖర్చును బట్టి రేటు పెంచాలి. రెండు హెక్టార్ల పరిమితి ఎత్తేయాలి. యజమాని సంతకం లేకున్నా, గ్రామసభ ధ్రువీకరణతో కౌలు రైతుకు సాయం ఇవ్వాలి. తర్వాతి విత్తుకు ముందే డబ్బు ఖాతాలో పడాలి. విత్తనాల కాలం దాటాక వచ్చే సాయం వడ్డీ కట్టడానికే సరిపోతుంది.

ఊరూరా ఈ అర్జీ పెడదాం.