రొమ్ము క్యాన్సర్ తిరగబెడితే...

నేను డాక్టర్ని కాను. ఇంటర్ చదివి ఫౌజులో చేరినవాణ్ణి. నా భార్య జబ్బు వల్ల డాక్టర్లను అడిగి తెలుసుకున్నది నాలుగు మాటల్లో చెబుతాను.

రొమ్ములో గడ్డ చిన్నదైతే అంతవరకే తీసి, మిగతా రొమ్ముకు రేడియేషన్ ఇస్తారు. మనవాళ్ళు 'కరెంటు పెట్టడం' అంటారు. ఇలా చేసినా, రొమ్ము మొత్తం తీసేసినా ఆయుష్షులో తేడా లేదని ఇటలీలో, అమెరికాలో ఇరవై ఏళ్ళు గమనించి 2002లో ప్రకటించారు.

చిక్కల్లా అదే రొమ్ములో మళ్ళీ గడ్డ వచ్చినప్పుడే. ఒకసారి కరెంటు తిన్న చర్మం, కండ, ఎముక ఆ మోతాదును మరిచిపోవు. మళ్ళీ మొత్తానికి పెడితే పుండు మానకపోవచ్చు, రొమ్ము గట్టిపడవచ్చు. అందుకే రెండోసారి రొమ్ము తీసేయడమే ఆనవాయితీ.

ఇప్పుడు కొందరికి ఇంకో దారి ఉంది. గడ్డ తీయగానే, మత్తులో ఉండగానే, ఆ ఖాళీలో గుండ్రటి మొన ఉన్న గొట్టం పెట్టి ఒకే విడత రేడియేషన్ ఇస్తారు. లండన్‌లో 1998లో మొదలైన ఈ పద్ధతిలో సుమారు అరగంట పడుతుంది. గొట్టం ఆనుకున్న చోట 20 గ్రేలు అందితే, సెంటీమీటరు దూరానికే బాగా తగ్గిపోతుంది. మన భాషలో, దూరం నుంచి ఫిరంగి పేల్చడం కాదు, బంకరులోకే వెళ్ళి పని ముగించడం. మొదటిసారి రోగుల కోసం వచ్చిన ఈ పద్ధతిని తిరగబెట్టినవారికీ వాడుతున్నారు.

అమెరికాలో అలాంటి 58 మందికి గడ్డ మాత్రమే తీసి, తర్వాత ఆ భాగానికే బయటి నుంచి రేడియేషన్ ఇచ్చారు. అయిదేళ్ళలో నూటికి అయిదుగురికే ఆ రొమ్ములో మళ్ళీ వచ్చిందని 2019లో తెలిపారు. వారందరికీ గడ్డ 3 సెంటీమీటర్ల లోపు, ఒకే చోట ఉంది. మొదటి రేడియేషన్ అయి ఏడాది దాటింది. అయినా 58 మందంటే రెండు ప్లాటూన్లు కూడా కారు. కనుక అందరికీ ఇదే అనకూడదు.

మా ఆవిడకు తొమ్మిదేళ్ళకు తిరగబెట్టింది. డాక్టరమ్మ మొదట అడిగింది పాత రేడియేషన్ కాగితం: ఎన్ని గ్రేలు, ఎన్ని రోజులు, ఎక్కడ అని. అది నా డిశ్చార్జి బుక్కుతో పాటే ట్రంకుపెట్టెలో ఉంది. చూసి రెండు దారులూ చెప్పారు. ఆవిడ రాత్రంతా ఆలోచించి, "మళ్ళీ వస్తుందేమోనని భయపడే ఓపిక లేదండీ, తీయించేసుకుంటాను" అంది. సరేనన్నాను. ఇంకో చెల్లెమ్మ ఉంచుకుంటానంటే అదీ తప్పు కాదు. రెండూ తెలిశాక ఆమే తేల్చుకోవాలి.

గడ్డ తగిలితే సిగ్గుపడి దాచకండి, ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌లో చూపించండి. దాచవలసింది ఆ కాగితాన్ని.

జై హింద్.