ఆసు మిషన్ వెనక ఏడేళ్లు

గచ్చిబౌలిలో కంపెనీ కొలువు మానేసి సొంతంగా ఏదైనా చేద్దామనుకునేవాళ్లకు మొదట గుర్తొచ్చేది ఈఎంఐ. ఆలేరు చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశంకు కొలువు లేదు, ఉన్నది అప్పు.

చదువు ఆరో తరగతితో ఆగింది. అప్పట్లో ఆలేరు నల్లగొండ జిల్లాలో ఉండేది. తల్లి లక్ష్మి ఆసు పోసేది. అర్ధచంద్రాకారంలో నాటిన మేకుల చుట్టూ దారాన్ని తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. రోజుకు రెండు చీరలంటే భుజం ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఆ పని చేసిపెట్టే మిషన్‌ను 1992లో మొదలుపెట్టాడు. భాగాలు ఒక్కొక్కటే కుదిరాయి, ఒక్క కదలికా, డబ్బూ మాత్రం కుదరలేదు. ఊళ్లో ఎగతాళి. తనమీద తనకే అనుమానం రాకుండా ఎలా ఉంటుంది?

1997లో హైదరాబాద్ వచ్చి కరెంటు పనికి కుదిరాడు. మిషన్ని మాత్రం వదల్లేదు.

1999లో బాలానగర్‌లో పనికెళ్లిన చోట ఒక యంత్రం కదలిక చూశాడు. తనకు అందకుండా పోయిన కదలిక అదే! అలా మిషన్ పూర్తయింది.

2017లో పద్మశ్రీ, 2019లో ఆయన పేరుతోనే సినిమా వచ్చాయి. నేతింటి ఆడవాళ్లకు మాత్రం లెక్క వేరు: నాలుగైదు గంటల ఆసు గంటన్నరలో అయిపోతోంది.