సైకిలు హ్యాండిలు పట్టు ఏల పగులును?

(గ్రామ పంచాయితీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



అనంతపురం సీమలో నలుగురు కూడినచో మాటలాడుటకు చెరువులు, బోరుబావులు, వేరుశనగ, పశుగ్రాసము మొదలగు విషయములు ఎన్నియో కలవు. వానిని విడిచి, సైకిలు హ్యాండిలును పట్టియుంచు ఒక చిన్న ఇనుప ముక్కను గూర్చి నేడు మేము ప్రసంగించుట మీలో కొందరకు వింతగా తోపవచ్చును. కాని యోచింపుడు. ఏటికి సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటుగా మాత్రమే వాన కురియు సీమ ఇది. 2022లో పాత జిల్లా రెండు జిల్లాలైనది గాని, వాన తీరు మారలేదు, ఊళ్ళ నడుమ దూరములు తగ్గలేదు. కళ్యాణదుర్గము, రాయదుర్గము, ఉరవకొండ ప్రాంతములలో బస్సు వేళకు రాని పల్లెలకు నేటికిని సైకిలే కాలిబలము. హైస్కూలునకు పోవు బాలికకును, పాలు పోయు రైతునకును, కుళాయి నీరు రాని దినమున దూరము నుండి బిందెలు తెచ్చు ఇంటివానికిని అదియే వాహనము.

సైకిలు చక్రమున గాలి పోయినచో దిగి నడువవచ్చును. గొలుసు తెగినను నడిపించుకొని ఇల్లు చేరవచ్చును. హ్యాండిలు పట్టు పగిలినప్పుడు మాత్రము అట్లు కాదు. దారి త్రిప్పు సాధనమును, బ్రేకు పట్టు మీటలును రెండును హ్యాండిలు మీదనే యున్నవి. మిట్ట దిగునప్పుడు అది చేతిలోనికి ఊడి వచ్చినచో, సైకిలును త్రిప్పుటకు గాని ఆపుటకు గాని వీలుండదు. ముఖము నేలకు తగులును; పండ్లు, దవడ, మణికట్టు విరుగును.

దెబ్బ మానును. అటుపిమ్మట జరుగునది మానదు. “ఇక చాలు, బడి మానుము” అని ఇంటిలో ఎవరో ఒకరు అందురు. మగపిల్లవాడు పడినచో ఆ మాట అరుదుగా వినవచ్చును; ఆడుపిల్ల పడినచో తరచుగా వినవచ్చును. సైకిలునకును బాలిక చదువునకును గల సంబంధమును బీహారు రాష్ట్రము నిరూపించినది. అచట 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్ళు ఇచ్చు పథకము ప్రారంభమైనది. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అను అర్థశాస్త్రజ్ఞులు దానిని పరిశీలించి, ఉన్నత పాఠశాలలో చేరు బాలికల సంఖ్య నూటికి సుమారు 30 వంతులు పెరిగెనని తేల్చిరి. ఆ పెరుగుదల ముఖ్యముగా బడి 3 కిలోమీటర్లకు మించి దూరమున్న పల్లెలలోనే కనబడినది. మన రాష్ట్రమునను 2017లో ‘బడికొస్తా’ అను పేర ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్ళు పంచియుండిరి. సైకిలు ఇచ్చుట ఒక యెత్తు. ఇచ్చిన సైకిలును నమ్మదగినదిగా నిలుపుట మరియొక యెత్తు. ఈ రెండవది గ్రామము చేతిలోనిది.

ఇక విషయమునకు వత్తము. ముందు ఫోర్కు గొట్టములోనికి దిగి, పైన హ్యాండిలును మోయు కడ్డీని మెకానిక్కులు ‘స్టెమ్’ అందురు. దాని కొనయందు హ్యాండిలు గొట్టమును చుట్టి పట్టుకొను కడియము వంటిది ‘క్లాంపు’. మన తాతల నాటి నల్ల సైకిళ్ళలో సాధారణముగా స్టెమ్, హ్యాండిలు ఒక్కటిగా అతికి యుండెడివి. నేటి పిల్లల సైకిళ్ళలో పెక్కింట ఇవి వేరువేరు. క్లాంపు బోల్టులే వానిని కలిపి యుంచును. కడియమునకు ఒక ప్రక్క చీలిక యుండును. బోల్టు బిగించినకొలది చీలిక మూసికొని, కడియము గొట్టమును పట్టును.

ఈ క్లాంపు ఒక్కనాటి దెబ్బకు పగులుట అరుదు. ఒక ఇనుప తీగను చేతితో ఒక్కసారి వంచినచో తెగదు. అటునిటు పలుమారులు వంచినచో, బలము పెంచకున్నను, తెగును. ఇంజనీర్లు దీనిని లోహపు అలసట యందురు. 1842లో ఫ్రాన్సు దేశమున వెర్సాయి సమీపమున ఒక రైలింజను ఇరుసు విరిగి 50 మందికి పైగా మరణించిరి. బలమైన ఇరుసు ఏల విరుగునని నాడు ఇంజనీర్లు ఆశ్చర్యపడిరి. తరువాత ఆగస్ట్ వోలర్ అను జర్మను రైల్వే ఇంజనీరు ఏండ్ల తరబడి ఇరుసులను పరీక్షించి, ఒక్కసారికి ఏమియు చేయలేని బరువు లక్షలసార్లు వచ్చినచో లోహమును తెంపునని చూపెను. రైలు ఇరుసునకు చెల్లిన న్యాయమే సైకిలు క్లాంపునకును చెల్లును.

లెక్క చూడుడు. బడి 5 కిలోమీటర్లు అనుకొందము. గతుకుల బాటలో 2 మీటర్లకు ఒక కుదుపు చొప్పున పోవునప్పుడు 2,500, వచ్చునప్పుడు 2,500 కుదుపులు. ఏటికి 200 దినములు బడికి పోయినచో అవి 10 లక్షలగును. ప్రతి కుదుపునకు హ్యాండిలు వెంట్రుకవాసి వంగి మరల లేచుచుండును. సక్రమముగా తయారై, సక్రమముగా బిగింపబడిన క్లాంపు చిన్న కుదుపులను లక్షలుగా ఓర్చుకొనును. అంతర్జాతీయ ప్రమాణములలో హ్యాండిలును, స్టెమ్‌ను లక్ష పర్యాయములు గట్టిగా వంచి పరీక్షించు పద్ధతియు కలదు. కాని కుదుపు బలము రెట్టింపైనచో ఆయువు సగమై ఊరకుండదు. ఎనిమిదవ వంతునకో, అంతకు దిగువకో పడిపోవును. కావున కుదుపులను మనము లెక్కింపలేకున్నను, వాని బలమును పెంచు పనులను మానవలెను. అట్టి పనులు మనవారు తెలియక చేయునవి ఆరు.

మొదటిది, అతిగా బిగించుట. గట్టిగా బిగించినకొలది భద్రమని మన నమ్మకము. ఇది తప్పు. పానాకు పైపు ముక్క తొడిగి బిగించినచో, సైకిలు కదలకమునుపే క్లాంపు తన ఓర్పునంతయు కోలుపోవును. చీలికకు ఎదుటి ప్రక్కన వెంట్రుక వంటి బీట పుట్టును. 15 సెంటీమీటర్ల పానా కొనను పట్టి, 10 కిలోల బరువు ఎత్తునంత బలముతో లాగినచో ఉక్కు క్లాంపు బోల్టునకు సాధారణముగా చాలును. అల్యూమినియము స్టెమ్‌లపై తయారీదారు వ్రాసిన కొలతను మీరరాదు. అవి సాధారణముగా ఇంతకంటె తక్కువ బిగువుతోనే నిలుచును.

రెండవది, కొలత కుదురని భాగములను జతచేయుట. గొట్టము సన్నమై కడియము పెద్దదైనచో, చీలిక పూర్తిగా మూసికొనినను హ్యాండిలు జారుచునే యుండును. అప్పుడు మరింత బిగించుట, లేదా డబ్బా రేకు ముక్క దూర్చుట జరుగుచున్నది. రేకు ఒకచోట ఒత్తును, వేరొకచోట ఒత్తదు. ఒత్తినచోటనే పగులు మొదలగును. బోల్టు బిగిసిన పిదప చీలికలో సందు మిగిలియుండవలెను. సందు లేనిచో ఆ జత తగినది కాదు; మార్చవలెను.

మూడవది, బోల్టులను సమముగా బిగింపకుండుట. రెండు గాని నాలుగు గాని బోల్టులున్నచో, ఒకదానిని పూర్తిగా బిగించి రెండవదానికి పోరాదు. కొంచెము కొంచెముగా, మూలకు మూల మార్చి మార్చి, ఇరుప్రక్కల సందు సమముగా ఉండునట్లు బిగింపవలెను.

నాలుగవది, హ్యాండిలునకు బరువులు వ్రేలాడదీయుట. ఒక 15 లీటర్ల బిందె నిండినచో నీరే 15 కిలోలు. చెరియొక ప్రక్క ఒక్కొక్కటి తగిలించినచో 30 కిలోలు. గుంతలో పడినప్పుడు ఆ బరువు నిలిచియున్నప్పటి బరువు కాదు. దానికి రెండింతలు మూడింతలు దెబ్బగా క్లాంపు మీద పడును. పాల క్యాను, వేరుశనగ మూట, ఎరువు సంచి ఏదైనను వెనుక క్యారియరు మీదనే కట్టవలెను. హ్యాండిలు దారి చూపుటకే గాని బరువు మోయుటకు గాదు.

అయిదవది, స్టెమ్‌ను మితిమీరి పైకి లేపుట. పిల్ల ఎదిగినకొలది హ్యాండిలు ఎత్తు పెంచుట సహజమే. కాని స్టెమ్ మీద ఒక గీత యుండును. ఆ గీత బయటికి కనబడునంత ఎత్తునకు లేపరాదు. గీత కనబడినదనగా లోపల పట్టు చాలదని అర్థము. అప్పుడు స్టెమ్ గాని, దానిని పట్టిన ఫోర్కు గొట్టము గాని విరుగును. అంతకంటె ఎత్తు కావలసినచో పొడవైన స్టెమ్ వేయింపవలెను.

ఆరవది, తుప్పును ఉపేక్షించుట. చెమట, ఒలికిన నీరు, ఎరువుల ధూళి క్లాంపు సందులో చేరి నిలుచును. తుప్పు తిన్న ప్రతి గుంట ఒక పగులునకు విత్తనము. ఏడాదికొకసారి విప్పి, ఇసుకను తుడిచి, అంచున గరుకున్నచో సన్నని ఆకురాయితో నునుపుచేసి, బోల్టు మరలకు కొంచెము గ్రీజు పూసి మరల బిగింపవలెను.

పగిలిన క్లాంపును వెల్డింగు చేయించుట మన పల్లెలలో వాడుక. దీనిని ఖండితముగా మానుడు. వెల్డింగు పైకి అతుకును. లోపలి బీట అట్లే నిలుచును. వేడికి ప్రక్క లోహము బలము తప్పును. అల్యూమినియము భాగమైనచో మరియు ప్రమాదము. ఉక్కు ఒక మేరకు లోబడిన కుదుపులను ఎన్నియైనను ఓర్చును. అల్యూమినియమునకు అట్టి మేర లేదు. గట్టిగా పడిన సైకిలు స్టెమ్ వంగినను, గీరుకొనినను మార్చుటే మేలు. క్రొత్త భాగపు ఖరీదు, విరిగిన పంటికి చేయించు వైద్యపు ఖరీదుతో పోల్చదగినది కాదు.

పగులు ముందుగా తెలియజేయకయే విరుగునని అనుకొనరాదు. అది సూచనలిచ్చును. త్రొక్కునప్పుడు హ్యాండిలు వద్ద కిర్రుమను చప్పుడు, బిగించినను మరల జారుట, క్లాంపు అంచున గోధుమవన్నె గీత, రంగు పెచ్చులూడుట, ఇవి యన్నియు దాని మాటలే. పరీక్షయు సులభము. ముందు చక్రమును మోకాళ్ళ నడుమ ఇరికించి, హ్యాండిలును కుడిఎడమలకు మెలిపెట్టి, పిదప క్రిందికి ఒత్తి చూడుడు, కదలరాదు.

అనుమానమున్నచో పాత రైల్వే వర్కుషాపులలో వాడిన ఉపాయము ఒకటి కలదు. క్లాంపును శుభ్రపరచి, కిరోసిను గాని డీసెలు గాని పూసి, కొంతసేపటికి పొడిగా తుడిచివేయవలెను. పిదప సున్నము పలుచగా పూసి ఆరనియ్యవలెను. బీట యున్నచో లోపల దాగిన నూనె ఊరి వచ్చి, తెల్లని సున్నము మీద నల్లని గీతగా కనబడును. ఈ పనిని ఆరుబయట, నిప్పునకు దూరముగా, పెద్దలే చేయవలెను.

పంచాయితీ దీనిలో చేయవలసినదేమి? 73వ రాజ్యాంగ సవరణ పంచాయితీలకు అప్పగింపదగినవని పేర్కొనిన 29 విషయములలో గ్రామపు బాటలు, త్రాగునీరు, విద్య మూడును కలవు. సైకిలు క్లాంపు ఈ మూడింటి కూడలిలో నున్నది. బాట గుంతలు పూడ్చినచో కుదుపులు తగ్గును. నీరు వీధిలోనికి వచ్చినచో హ్యాండిలు మీద బిందె వ్రేలాడదు. ఈ రెండును కాలమును కోరు పనులు. మూడవది వచ్చు వారమే చేయవచ్చును. మూడు మాసములకొకసారి హైస్కూలు ఆవరణలో సైకిళ్ళ తనిఖీ దినము పెట్టుడు. ఊరి మెకానిక్కును పిలిచి, ఆ పూట కూలి ఇప్పింపుడు. పానాల జత, ఎలెన్ కీల జత, గ్రీజు డబ్బా పంచాయితీ కార్యాలయమున ఉంచి, అడిగినవారికి ఇచ్చి వ్రాసికొనుడు. తనిఖీలో మార్పవలెనని తేలిన సైకిళ్ళ పట్టికను గ్రామసభలో చదువుడు. కొనలేని ఇంటికి ఆ చిన్న భాగమును ఎవరు సమకూర్చవలెనో అచటనే తేల్చుడు. పరీక్ష ఎట్లు చేయవలెనో పిల్లలకే నేర్పుడు. తన సైకిలును తాను చూచుకొన నేర్చిన బాలిక ఎవరి రాకకును ఎదురుచూడదు.

వాన మన చేతిలో లేదు. భూగర్భజలము ఒక్క ఏటిలో పెరుగదు. కాని రేపు ఉదయము మీ ఊరి నుండి బడికి బయలుదేరు బాలిక చేతులలోని హ్యాండిలు నిలుచునా లేదా అను విషయము మీ చేతిలోనే యున్నది. ఇంటికి చేరిన వెంటనే మొదట మీ ఇంటి సైకిలు క్లాంపును చూడుడు. పిదప పొరుగింటి సైకిలును చూడుడు. సెలవు.