కాంటా తప్పును చుక్కలు చెప్తాయి



1980 ఫిబ్రవరి 16న మన దగ్గర్లోని జాపాల్-రంగాపూర్ వేధశాల మీద సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. ఆ పట్టపగటి చీకటి పెద్దవాళ్లకు యాదికుండే ఉంటుంది. 1919లో అట్లాంటి గ్రహణం నాడే, సూర్యుడి పక్కగా వచ్చే నక్షత్రాల వెలుగు వంగుతుందని కొలిచి చూపించారు.

సూర్యుడే వంచగా లేంది, గెలాక్సీల గుంపులు, కంటికి కనపడని కృష్ణపదార్థం వంచవా? వాటిని దాటి వచ్చే దూరపు గెలాక్సీల బొమ్మలు రవ్వంత సాగుతాయి, నూటికి ఒక వంతు. ఒక్క గెలాక్సీని చూస్తే ఏమీ తేలదు, అది పుట్టుకతోనే కోలగా ఉండొచ్చు. లక్షల గెలాక్సీల సగటు తీయాలి.

అయితే సగటు అన్ని తప్పులనూ కడగదు. మీరు బత్తాయిలు తూస్తున్నారనుకోండి. గాలికి ముల్లు ఊగితే పదిసార్లు తూచి సగటు తీయొచ్చు. కాంటాయే క్వింటాలుకు రెండు కిలోలు తక్కువ చూపితే? వెయ్యిసార్లు తూచినా ఆ రెండు కిలోలు పోయినట్టే. ఆ నష్టం మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

ఆకాశాన్ని కొలిచే మా కాంటా టెలిస్కోపు. గాలి పొరలు వెలుగును చెదరగొడతాయి, అద్దం కొద్దిగా వంగుతుంది. దాంతో బొమ్మ చెడేది అసలు సాగుడు కంటే ఎక్కువ! అదే ఫొటోలో పడ్డ నక్షత్రాలే మాకు దిక్కు. నక్షత్రం ఉత్త చుక్క. తెర మీద కోడిగుడ్డులా కనపడితే తప్పు పరికరానిదే. చుట్టూ ఉన్న చుక్కలను బట్టి, నడుమ ఉన్న గెలాక్సీ ఎంత చెదిరిందో లెక్కకట్టి తీసేస్తాం.

అదీ చాలదు. కాంటా మీద బత్తాయిలు ఉండగానే 20 కిలోల తూకపు రాయి పెట్టండి. ముల్లు 19 కిలోల 600 గ్రాములే పెరిగితే దొంగ దొరికినట్టే. మేమూ అసలు ఫొటోనే కంప్యూటర్‌లో తెలిసినంత సాగదీసి, మా లెక్క ఎంత చెప్తుందో చూస్తాం. 2023 జులై 1న నింగికెగిరిన యూక్లిడ్ టెలిస్కోపుకు సాగుడు లెక్కలో మిగిలే తప్పు వెయ్యికి రెండు వంతులు దాటొద్దని హద్దు పెట్టుకున్నారు.

ఈ జాగ్రత్త మనకు కొత్త కాదు. హైదరాబాదు నిజామియా వేధశాలలో గాజు పలకల మీద ఆకాశాన్ని ఫొటో తీసిన రోజుల్లో, చుక్కలతో పాటు సన్నగీతల గడులనూ పలక మీద అచ్చువేసేవారు. పలక మీది పూత సాగినా ముడుచుకున్నా గడులు వంకరపోయి పట్టించేవి. ఆ ఓపికతోనే లక్షల నక్షత్రాల చోట్లు కొలిచారు.

ఇప్పుడు ఈ తెల్లగుడ్డ మీద ఒక ఫొటో వేస్తాను. పిల్లలూ, నడుమ చుక్కలను వదిలేయండి. నాలుగు మూలల చుక్కలు ఎటువైపు సాగాయో చూసి చెప్పండి.