రెండు తాళాలు

(మదీనాగూడలో జరిగిన మన సంఘ సభ్యుల కుటుంబ సమావేశంలో ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



సెల్‌ఫోనులో మన సొమ్మును, మన వివరాలను ఎలా కాపాడుకోవాలో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు కోరారు. నేను కంప్యూటరు నిపుణుణ్ణి కాను. ముప్పై మూడేళ్లు బ్యాంకు కౌంటరు వెనుక కూర్చున్నవాణ్ణి. అందుచేత నాకు తెలిసిన దారిలోనే చెబుతాను. సాంకేతిక విషయాల్లో ఎక్కడైనా వివరం కావాలంటే వెనుక కూర్చున్న మన పిల్లలు ఉండనే ఉన్నారు.

1998 నవంబరులో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ తర్వాత మియాపూరు, మదీనాగూడ, చందానగరు ఎలా మారాయో ఇక్కడున్న మీకందరికీ తెలుసు. ఇవాళ మన ఇళ్లలో చాలావరకు కొడుకో, కోడలో, కూతురో, అల్లుడో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నారు. ‘మా అబ్బాయి కంప్యూటర్ ఇంజనీరు, మాకేం భయం’ అని కొందరు ధీమాగా అంటారు. బాగానే ఉంది. కాని మోసగాడు పగలు పదకొండు గంటలకు ఫోను చేస్తాడు. ఆ వేళకు అబ్బాయి ఆఫీసులో ఉంటాడు. ఇంట్లో ఉండేది మనమే.

ఈ బెడద చిన్నది కాదు. సైబర్ మోసాల వల్ల 2024లో దేశంలో ప్రజలు పోగొట్టుకున్న సొమ్ము 22,845 కోట్ల రూపాయలని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలియజేసింది. 2023లో అది 7,465 కోట్లు. ఒక్క ఏడాదిలో మూడింతలైంది. ఈ దొంగలకు మన వయసువారంటే ప్రీతి ఎక్కువ. గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండు, ఫిక్సెడ్ డిపాజిట్లు మన దగ్గరే ఉంటాయి. పోలీసు అన్నా, కోర్టు అన్నా మనకు గౌరవమూ ఉంది, బెరుకూ ఉంది.

అయితే మిత్రులారా, మనకు ఈ విద్య బొత్తిగా కొత్తదేమీ కాదని నా మనవి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మనం పాటించిన జాగ్రత్తలే ఇవి. వోచరు లేకుండా డబ్బు ఇవ్వలేదు. సంతకం సరిచూడకుండా చెక్కు పాస్ చేయలేదు. పై అధికారి నోటిమాట మీద ఫైలు కదపలేదు. ఆ అలవాట్లను ఆఫీసులోనే వదిలేసి రిటైరయ్యాం. వాటిని తెచ్చి ఫోనుకు తగిలిస్తే చాలు.

మొదటి అలవాటు. వచ్చిన కాల్‌ను నమ్మి పని చేయకూడదు. బ్యాంకు నుంచి అన్నా, పెన్షను ఆఫీసు నుంచి అన్నా, కరెంటు ఆఫీసు నుంచి అన్నా, ‘మంచిదండీ, నేనే మళ్లీ చేస్తాను’ అని పెట్టేయాలి. పాస్‌బుక్ మీదో, ఏటీఎం కార్డు వెనుకో ఉన్న నంబరుకు మనమే చేయాలి. ఇంటర్‌నెట్‌లో ‘కస్టమర్ కేర్’ అని వెతికి దొరికిన నంబరుకు చేయవద్దు. అక్కడ దొంగలు తమ నంబర్లు పెట్టి కాచుకుని ఉంటారు. ఇప్పుడు బ్యాంకుల సేవా కాల్స్‌కు 1600తో మొదలయ్యే నంబర్లు, బ్యాంకుల వెబ్‌సైట్లకు ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ అనే చివరి పేరు ఏర్పాటు చేశారు. ఇవి గుర్తుపట్టడానికి పనికివస్తాయి. అయినా కాల్ పెట్టేసి మనమే తిరిగి చేయడం అన్నింటికన్నా మేలు.

ఇక్కడ పెన్షనర్లు ఒకటి గమనించాలి. ఫోను చేసినవాడు మీ పేరు, పుట్టిన తేదీ, రిటైరైన తేదీ, పీపీఓ నంబరు గడగడా చదివేస్తాడు. ‘ఇన్ని తెలిసినవాడు ఆఫీసువాడే’ అనుకుంటాం. వివరాలు తెలిసినంత మాత్రాన అధికారి అయిపోడు. మన కాగితాల జిరాక్సులు ఎన్ని చోట్ల తిరిగాయో మనకే లెక్క తెలియదు. లైఫ్ సర్టిఫికెట్ రోజుల్లో ఈ కాల్స్ మరీ ఎక్కువ. ‘మీ జీవన్ ప్రమాణ్ ఆగిపోయింది, ఓటీపీ చెప్పండి, ఇక్కడినుంచే అప్‌డేట్ చేస్తాను’ అంటారు. 2014 నవంబరులో మొదలైన జీవన్ ప్రమాణ్ పద్ధతిలో వేలిముద్రతో గాని, కంటిపాపతో గాని, 2021 నుంచి ముఖం చూపి గాని సర్టిఫికెట్ ఇవ్వవచ్చు. బ్యాంకుకు వెళ్లవచ్చు, పోస్టల్ సిబ్బందిని ఇంటికి పిలిపించుకోవచ్చు, మన ఫోనులోనే చేసుకోవచ్చు. ఎవరో ఫోను చేసి ఓటీపీ అడిగి చేసిపెట్టే పద్ధతి మాత్రం లేదు.

రెండో అలవాటు. ఓటీపీ అన్నా, యూపీఐ పిన్ అన్నా మన సంతకం. ఖాళీ చెక్కు మీద సంతకం చేసి దారిన పోయేవాడి చేతికి ఇస్తామా? డబ్బు పంపడానికే పిన్ కావాలి. తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయనక్కర్లేదు. ‘మీకు రీఫండ్ పంపుతాను, పిన్ కొట్టండి’ అని ఎవరన్నా, అక్కడితో మాట ఆపేయవచ్చు.

మూడో అలవాటు. తెలియని పొట్లం విప్పకూడదు. వాట్సాప్‌లో ‘ట్రాఫిక్ చలానా’ అనో, ‘బ్యాంకు రివార్డు’ అనో, ‘పెళ్లి పత్రిక’ అనో ఒక ఫైలు వస్తుంది. దాని పేరు చివర ‘ఏపీకే’ అనే మూడక్షరాలు ఉంటే అది పత్రిక కాదు, ఒక యాప్. నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే మన మెసేజీలు, వాటితో పాటు ఓటీపీలు అవతలివాడికి చేరిపోవచ్చు. తెలిసినవారి నంబరు నుంచి వచ్చినా తెరవవద్దు. వారి ఫోను అప్పటికే దొంగ చేతిలో పడి ఉండవచ్చు. అలాగే వీడియో కాల్‌లో ‘స్క్రీన్ షేర్ నొక్కండి’ అంటే నొక్కవద్దు. మన ఫోను తెర అవతలివాడి ముందు పరిచినట్లే.

నాలుగో అలవాటు. తాళంచెవులు వేరువేరుగా ఉంచాలి. అన్నింటికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టడమంటే వీధి తలుపుకు, బీరువాకు, లాకరుకు ఒకే చెవి వాడటమే. ముఖ్యంగా ఈమెయిల్ పాస్‌వర్డ్ పొడుగ్గా, వేరుగా ఉండాలి. మిగతా పాస్‌వర్డ్‌లు మార్చుకునే సందేశాలు అక్కడికే వస్తాయి గనుక. గుర్తుండదన్న బెంగ ఉంటే ఒక నోటుపుస్తకంలో రాసి బీరువాలో పెట్టుకోండి. అందులో తప్పు లేదు. ఫోను కవరులో చీటీ పెట్టడం, ఏటీఎం కార్డు మీద పిన్ రాయడం మాత్రం వద్దు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘టూ స్టెప్ వెరిఫికేషన్’ అని ఉంటుంది. ఈ రాత్రే మీ మనవడి చేత పెట్టించుకోండి.

మన వేలిముద్ర కూడా ఒక తాళంచెవే. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్‌కార్డులు అమ్మే ఒక వ్యక్తి భూమి రిజిస్ట్రేషన్ కాగితాల్లోని వేలిముద్రలకు నకళ్లు తయారుచేసి, వాటితో సిమ్‌లు యాక్టివేట్ చేసి పట్టుబడ్డాడు. ఆధార్ సంస్థ వెబ్‌సైట్లో గాని, యాప్‌లో గాని మన బయోమెట్రిక్ వివరాలకు తాళం వేసుకునే సదుపాయం ఉంది. వేసుకోండి. జీవన్ ప్రమాణ్ ఇచ్చే రోజున దాన్ని తీయాలి, పని కాగానే మళ్లీ వేయాలి. ‘సంచార్ సాథీ’ పోర్టల్‌లో మన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసుకోవచ్చు. పోయిన ఫోనును కూడా అక్కడే బ్లాక్ చేయించవచ్చు.

ఐదో అలవాటు. కల్లాపెట్టె వేరు, స్ట్రాంగ్ రూమ్ వేరు. పెన్షను పడే ఖాతాకు యూపీఐ కలపవద్దు. కూరలకు, మందులకు మరో చిన్న ఖాతా తెరిచి, నెలకు సరిపడా అందులో వేసుకోండి. ఏటీఎం కార్డుకు ఆన్‌లైన్ వాడకం, విదేశీ వాడకం ఆపుకునే వీలును, పరిమితి పెట్టుకునే వీలును బ్యాంకులు కల్పించాలని రిజర్వు బ్యాంకు 2020లోనే ఆదేశించింది. వాడనివన్నీ ఆపేయండి. ఆదివారం కాఫీ తాగుతూ వారం లావాదేవీలు ఒకసారి సరిచూసుకోండి. సాయంత్రం క్యాష్ టాలీ కానిదే బ్యాంకులో ఎవరం ఇంటికి వెళ్లేవాళ్లం కాదు గదా!

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ‘డిజిటల్ అరెస్టు’ అనే మాట మీరు వినే ఉంటారు. పోలీసు యూనిఫారంలో ఒకడు వీడియో కాల్‌లో కనబడతాడు. మీ ఆధార్ మీద నేరం నమోదైందంటాడు. కోర్టు ముద్రలున్న కాగితాలు చూపిస్తాడు. కెమెరా ముందు నుంచి కదలవద్దంటాడు. ఎవరికీ, కన్నబిడ్డలకైనా, చెప్పవద్దంటాడు. డబ్బు ‘పరిశీలన కోసం’ పంపమంటాడు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తన ‘మన్ కీ బాత్’ ప్రసంగంలో, చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదని దేశమంతటికీ చెప్పారు. అయినా ఆగలేదు. 2025లో హర్యానాలోని అంబాలాలో ఒక వృద్ధ దంపతులకు ఏకంగా సుప్రీంకోర్టు పేరుతోనే దొంగ ఉత్తర్వులు చూపి కోటి రూపాయలకు పైగా కాజేశారు. ఆ గృహిణి రాసిన లేఖ ఆధారంగా సుప్రీంకోర్టు ఆ అక్టోబరులో తనంతట తానే కేసు చేపట్టింది. డిసెంబరు 1న ఇలాంటి కేసుల దర్యాప్తును సీబీఐకి అప్పగించింది.

మన హైదరాబాదులో 2025 సెప్టెంబరులో జరిగినది ఇంకా బాధాకరం. ఒక విశ్రాంత వైద్యురాలిని ఇలాగే దాదాపు మూడు రోజులు వీడియో కాల్స్‌తో వేధించారు. ఆమె పెన్షను ఖాతా నుంచి 6 లక్షల రూపాయలకు పైగా పంపారు. వేధింపులు ఆగలేదు. గుండెపోటుతో ఆమె మరణించారు. చదువు లేకనా? లోకం తెలియకనా? ఎన్నో ప్రాణాలు నిలిపిన చేయి అది. ఎవరికీ చెప్పవద్దన్న ఒక్క ఆంక్షతో ఆమెను ఒంటరిని చేశారు. దొంగ ఆయుధం ఆ ఒంటరితనమే.

అందుకే నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇది. బ్యాంకులో స్ట్రాంగ్ రూమ్‌కు రెండు తాళాలు. ఒక చెవి మేనేజరు దగ్గర, ఇంకొకటి క్యాషియరు దగ్గర. మేనేజరు నిజాయితీ మీద అనుమానంతో పెట్టిన ఏర్పాటు కాదది. ఏ మనిషినైనా ఒంటరిగా ఉన్నప్పుడు బెదిరించవచ్చు, మాయ చేయవచ్చు. ఇద్దరినీ ఒకేసారి చేయడం కష్టం. ఆ రెండో తాళం ఇవాళ మన ఇంటికి కావాలి.

ఏం చేయాలంటే, ఇంట్లో అందరూ కూర్చుని ఒక మొత్తం అనుకోండి. పదివేలు కావచ్చు, పాతికవేలు కావచ్చు. అంతకు మించి ఎవరికి పంపాలన్నా రెండో మనిషికి చెప్పాలి, ఒక రాత్రి ఆగాలి. భార్యాభర్తలు ఒకరికొకరు రెండో తాళం. ఒంటరిగా ఉంటున్నవారు పక్క ఫ్లాటువారినో, మన సంఘంలో ఒక మిత్రుణ్ణో ముందే అనుకోండి. ‘ఎవరికీ చెప్పవద్దు’ అని ఎవరన్నా, వెంటనే చెప్పవలసిన సంగతి అదేనని గుర్తుంచుకోండి. నిజమైన పోలీసు ఎవరూ ఆ మాట అనడు.

పిల్లలు అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్నవారికి ఇంకో మాట. ఇప్పుడు కంప్యూటరుతో గొంతును అచ్చంగా అనుకరించవచ్చు. అర్ధరాత్రి ‘నాన్నా, యాక్సిడెంట్ అయింది, డబ్బు పంపు’ అని కొడుకు గొంతే వినిపించవచ్చు. ఇంటివారికే తెలిసిన గుర్తు మాట ఒకటి పెట్టుకోండి. అమ్మమ్మగారి ఊళ్లో ఆవు పేరైనా సరే. అది చెప్పలేకపోతే పెట్టేసి, అబ్బాయి పాత నంబరుకు మీరే చేయండి.

ఇన్ని చేసినా పొరపాటు జరగవచ్చు. అప్పుడు ఏడ్చే సమయం కాదు, 1930కి ఫోను చేసే సమయం. దేశమంతటా పనిచేసే సైబర్ మోసాల నంబరు అది. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పారిపోతూ ఉంటుంది. ఎంత త్వరగా చెబితే అంత స్తంభింపజేయగలుగుతారు. వెంటనే బ్యాంకుకు కూడా తెలియజేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. ఖాతాదారు అజాగ్రత్త వల్ల సొమ్ము పోతే ఫిర్యాదు చేసేవరకు జరిగిన నష్టం ఖాతాదారుది, ఫిర్యాదు అందిన తర్వాత జరిగేది బ్యాంకుది అని రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఆదేశంలో స్పష్టం చేసింది. కనుక ప్రతి నిమిషానికీ విలువ ఉంది. మన రాష్ట్రంలో 2023లో ఏర్పడిన సైబర్ సెక్యూరిటీ బ్యూరో, స్తంభింపజేసిన సొమ్మును లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పించిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఫిర్యాదు చేయనివారికి మాత్రం ఏ అదాలత్తూ ఏమీ ఇప్పించలేదు.

చివరగా, వెనుక వరుసల్లో ఉన్న పిల్లలకు ఒక విన్నపం. మీ అమ్మగారో, మామగారో వచ్చి ‘ఇలా జరిగింది’ అని చెప్పిన క్షణంలో, ‘ఎన్నిసార్లు చెప్పాను, ఈ వయసులో మీకెందుకు ఇవన్నీ’ అని మాత్రం అనకండి. ఆ ఒక్క మాటకు భయపడి ఎందరో పెద్దలు రోజుల తరబడి నోరు విప్పరు. ఈలోగా డబ్బు చేయి దాటిపోతుంది, మనసు కుంగిపోతుంది. ‘చెప్పి మంచి పని చేశారు, పదండి ఫోను చేద్దాం’ అనండి. మీరు చదివిన ఏ సాఫ్ట్‌వేరూ దానికి సాటిరాదు.

పెద్దలకు ఒకటే మనవి. ఇవాళ ఇంటికి వెళ్లాక మూడు పనులు చేయండి. 1930 నంబరు పెద్ద అక్షరాలతో రాసి క్యాలెండరు పక్కన అంటించండి. పెన్షను ఖాతాను యూపీఐ నుంచి వేరు చేయండి. మీ రెండో తాళం ఎవరో నిర్ణయించుకుని, ఆ సంగతి వారికి చెప్పండి.