డయాలసిస్ – కంటిచూపు



నేను ట్రెజరీలో పనిచేసి రిటైరైనాను. నాలుగేళ్లుగా వారానికి మూడుమార్లు డయాలసిస్ చేయించుకుంటున్నాను. నా కుడికంటి చూపు పోయింది. ఎట్లా పోయిందో చెప్పమని కార్యదర్శిగారు కోరినారు. మీరు జాలిపడాలని కాదు, ఒక్కరికైనా పనికివస్తుందని చెప్తున్నాను.

మన కర్నూలు ఎండలు మీకు తెలియనివి కావు. మే నెలలో నోరు పిడచగట్టుకుపోతుంది. రోజుకు ఇన్నే నీళ్లు తాగాలని డాక్టరుగారు కొలత పెట్టినారు. నేను మా ఆవిడ చూడకుండా కడవలో నీళ్లు చెంబుతో తాగేవాణ్ణి. మూత్రం రాని మనిషికి తాగిన నీళ్లు ఒంట్లోనే నిలుస్తాయి. వాటినంతా మిషను నాలుగు గంటల్లో లాగవలసివస్తుంది. అప్పుడు బి.పి. పడిపోతుంది. నాకు కళ్లు తిరిగేవి. చెప్తే ఆలస్యమై బస్సు తప్పిపోతుందని చెప్పేవాణ్ణి కాదు.

ఒకనాడు డయాలసిస్ అయిన మరుసటి ఉదయం లేచేసరికి కుడికంటికి కింది సగం నల్లతెర కట్టినట్లుంది. నొప్పి లేదు. శుక్లమేమోలే అని పదిరోజులు ఊరకున్నాను. చివరకు కంటి డాక్టరుగారు చూసి, బి.పి. పడిపోయినప్పుడు కంటినరానికి రక్తం అందక దెబ్బతిన్నదన్నారు. రక్తహీనత, షుగరు ఉన్నవారికి ముప్పు ఎక్కువట. పోయిన చూపు రావడం కష్టం, రెండో కన్నునైనా కాపాడుకోమన్నారు. మా ఆవిడ ఒక్క మాటా అనలేదు. చెంబు తీసి అటక మీద పెట్టింది.

తప్పు మిషనుది కాదు. 1943లో హాలెండులో కోల్ఫ్ అనే డాక్టరు డయాలసిస్ మిషను తయారుచేయకపోయివుంటే ఈరోజు నేను మీ ముందు ఉండేవాణ్ణి కాదు. తప్పు, దాచిపెట్టిన నాది.

కాబట్టి డయాలసిస్ మీద కళ్లు తిరిగినా, చూపు మసకేసినా వెంటనే సిస్టరుతో చెప్పండి. ఆరోజు బి.పి. మాత్ర ఎప్పుడు వేసుకోవాలో డాక్టరునే అడగండి, సొంతంగా మానకండి. చూపు తగ్గడానికి షుగరు, అధిక బి.పి., శుక్లం కూడా కారణం కావచ్చు. అదేదో తేల్చవలసింది మనం కాదు. ఆరోజే కంటి డాక్టరు దగ్గరకు పోండి. మన ఊళ్లోనే ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. ఇంట్లో పిల్లలారా, మీ పెద్దవాళ్లు "ఏమీ లేదులే" అంటే నమ్మకండి.